కాకికిచ్చిన మాట

ఆ సీసా ఇటు జరపొద్దు కైలాసం. మొహమాటం కాదు, ఉపవాసం కాదు, డాక్టరు చెప్పిందీ కాదు. నేనొక కాకికి మాటిచ్చాను. నవ్వుతారని తెలుసు, నవ్వండి. అందరూ నవ్వడం అయ్యాక చెబుతాను.

అయిందా? కైలాసం, నీది ఇంకా కాలేదు. సరే, నువ్వు నవ్వుతూనే విను.

మా మామ అంజన్న సంగతి మీకు తెలిసిందే. చెన్నూరు చుట్టుపక్కల ఆయన్ని స్ట్రాంగు అంజన్న అనేవాళ్లు. కండబలం చూసి పెట్టిన పేరు కాదు. వైన్స్ ముందు నిలబడితే చాలు, నోరు తెరిచి అడగకముందే కౌంటరు మనిషి స్ట్రాంగు బీరు తీసి ముందు పెట్టేవాడు. పొరపాటున లైటు బీరు ఇస్తే, జరమొచ్చినోళ్లకు పొయ్ అని వెనక్కి తోసేవాడట. మంచి మనిషి. నాకు పిల్లనిచ్చినప్పటి నుంచి ఒక్కనాడూ నన్ను తక్కువ చేసి మాట్లాడలేదు. ఆ లోటు ఆయన కూతురు తీరుస్తోంది. పోయినేడు ఎండాకాలంలో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. మా బాపు పోయినప్పుడు ఎంత ఏడ్చానో ఆయనకూ అంతే ఏడ్చాను.

దినాలు అయ్యాక నా భార్య నర్మద పుట్టింటి నుంచి రెండే తెచ్చుకుంది. ఒకటి వాళ్ల బాపు నల్ల గొడుగు. రెండోది ఒక నియమం. బాపు ఏడాది మాసికం అయ్యేదాకా మా ఇంటి గడప లోపలికి బీరు సీసా రాకూడదు. గొడుగుకు నేనేమీ అడ్డం చెప్పలేదు. నియమానికి చెబుదామనుకున్నాను గానీ, తండ్రిని తలుచుకుని ఏడుస్తున్న ఆడమనిషితో బీరు గురించి వాదించే మగాడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

అట్లా ఎండిపోయి ఉన్న నా బతుకులోకి మా బావమరిది సాయిచంద్ వచ్చాడు. కరీంనగర్‌లో సెల్‌ఫోన్ల షోరూంలో పని చేస్తాడు. ఏదో ట్రైనింగు అని పట్నం వెళ్లి, ట్రైనింగు సంగతి మరిచిపోయి బీరు సంగతి నేర్చుకుని వచ్చాడు. కొత్త రకం బీరట. మత్తు మామూలు దాంట్లో సగం కూడా ఉండదట, రుచి మాత్రం రెండింతలట. సంచిలోంచి సీసా తీసి, మూత తీసి, వెంటనే తాగనివ్వకుండా నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు బావా. గిది ఎక్కేతందుకు కాదు, రుచి చూసేతందుకు. ముందుగాల వాసన చూడు."

వాసన చూశాను. తర్వాత నాలుక మీద పోసుకుని కాసేపు ఆగాలన్నాడు, ఆగాను. నారింజ తొక్క ఉంది, ధనియాలు ఉన్నాయి, చివర్లో లవంగం లాంటిది కనిపిస్తుంది, పట్టుకో అన్నాడు. పట్టుకున్నాను. ఆ మనిషి చెప్పాడని కాదు గానీ, బాగుంది. చాలా బాగుంది. నాలుక మీద చల్లగా పుల్లగా జారి, గొంతులో దిగాక కూడా కాస్త వాసన మిగిలిపోయింది. ఇన్నేళ్లూ స్ట్రాంగు బీరు మనం ముక్కు మూసుకుని తాగాం కదా. దానికి రుచి ఉంటుందని ఎవరైనా అనుకున్నామా? అది ఎక్కడానికి వేసుకున్న నిచ్చెన. నిచ్చెనను ఎవడూ నాకి చూడడు.

నాకు ఈ లెక్క తొందరగా ఒంటబట్టింది. మన జమ్మికుంట మార్కెట్లో అడ్తి దుకాణంలో ఇన్నేళ్లుగా చేస్తున్న పని ఇదే కదా. పత్తి బస్తాలోకి మీటరు గుచ్చుతాం, తేమ ఎంత తక్కువ చూపిస్తే సరుకు అంత మంచిది. బీరూ అంతేనన్నమాట. మత్తు ఎంత తక్కువైతే సరుకు అంత మంచిది. పైగా ఇంకో లాభం ఉంది. మాట తడబడదు, కాలు తడబడదు, కళ్లు ఎర్రబడవు. అంటే ఇంట్లో దొరికిపోము. సాయిచంద్‌కు అందులో నారింజ కనబడింది గానీ నాకు ఈ గుణమే ముందు కనబడింది.

ఇక చోటు వెతకాలి. ఎండాకాలం కదా, నర్మద మేడ మీద చల్ల మిరపకాయలు, బియ్యప్పిండి వడియాలు ఎండబెడుతోంది. ఆదివారం మధ్యాహ్నాలు నేను వాటికి కాపలా ఉంటానన్నాను. నర్మద నన్ను కింది నుంచి పైదాకా చూసింది. మంచినీళ్ల గ్లాసు ముంచుకుని తాగనోడు ఎండలో కూర్చుని కాకులు తోలుతాడట అని పక్కింటి సుగ్రా బేగంతో పిట్టగోడ మీద నుంచి చెప్పింది. అయినా ఎండ తగులుతుందని వాళ్ల బాపు గొడుగు తెచ్చి, తెరిచి, వడియాల గుడ్డ పక్కనే పాతిపెట్టినట్టు నిలబెట్టి పోయింది. నా మీద ఎంత ప్రేమ అనుకున్నాను.

మేడ మీద ఒక మూల నీళ్లు పోసుకునే పాత మట్టి రంజను ఉంది. అందులో తడి గోనెసంచి పరిచి సీసాలు దాచాను. గొడుగు నీడన కూర్చుని, వాసన చూసి, ఆగి, మింగి, అబ్బో, ఆ ఆదివారాలు ఏం ఆదివారాలు. ఇంకో వింత ఏమిటంటే నేను కాపలా కూర్చున్నంతసేపూ ఒక్క కాకి కూడా వడియాల దరిదాపులకు రాలేదు. దూరంగా కూర్చుని చూసి పోయేవి. మార్కెట్లో హమాలీలు నా మాట వినరు గానీ కాకులు నన్ను చూస్తే జడుస్తున్నాయని నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

పక్క మేడ మీద జబ్బార్ భాయ్ ఖాళీ సోడా సీసాలు ఆరబెట్టుకుంటూ ఉంటాడు. సుగ్రా బేగం భర్త, బస్టాండు దగ్గర సోడా దుకాణం ఉంది. ఒక ఆదివారం ఆయనకు నా కొత్త విద్య చెప్పబుద్ధేసింది. ముందు నారింజ తొక్క వస్తుంది భాయ్, తర్వాత ధనియాలు, ఆఖరుకు లవంగం, అని చేతులు ఊపుతూ వివరించాను. జబ్బార్ భాయ్ మర్యాదస్తుడు, మొత్తం విన్నాడు.

"నేను ముట్టేది లేదు గని భాయ్, నువ్వు చెప్తుంటె నాకు బిర్యానీ యాదికొస్తుంది" అని, నా వెనక్కి చూసి, చప్పున సోడా సీసాలు లెక్కబెట్టడం మొదలుపెట్టాడు.

నా వెనక నర్మద ఉంది. చేతిలో మిరపకాయల చాట.

"ఏంది గది?" అంది.

"రసం."

"దేని రసం?"

"నారింజ."

"నారింజకు నురుగెందుకొచ్చింది?"

"తాజాది" అన్నాను. ఆ ఎండలో నాకు తట్టింది అదే.

సీసా లాక్కుంది. వెనకాల అచ్చేసిన అక్షరాలన్నీ చదివింది, వాసన చూసింది, మళ్లీ చదివింది. "ధనియాలు, నారింజ తొక్క. గిది బీరా, దగ్గు మందా?"

"మందే అనుకో" అన్నాను ఆశగా.

ఆమె అనుకోలేదు. నేను తేమ శాతం నుంచి మొదలుపెట్టి బీరు దాకా మొత్తం శాస్త్రం చెప్పాను. పేరుకే ఇది బీరు, ఇందులో మత్తు ఉండీ లేనట్టే, దీన్ని బీరు అనడం బీరును అవమానించడమే అన్నాను. నర్మద చాట కింద పెట్టి ఒకే మాట అడిగింది.

"మరి ఏమీ లేనిదాన్ని రంజన్ల ఎందుకు దాచినవయ్య?"

దానికి శాస్త్రంలో జవాబు లేదు. జవాబు లేనప్పుడు ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. "మా మామ ఉంటే నన్ను అర్థం చేసుకునేవాడు" అన్నాను.

నర్మద మొహం మారింది. అక్కడే ఆగాల్సింది. కానీ నా బుర్రలో ఒక పథకం వెలిగింది, వెలిగాక నేను ఆగే రకం కాదు కదా. ఏడాది మాసికం దగ్గరికొచ్చింది. గోదావరి ఒడ్డున మామకు పిట్టకు పెడతాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, దూరం జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముడితే ఆయనే వచ్చి తిన్నట్టు. ముట్టకపోతే ఆయన మనసులో ఏదో మిగిలిపోయినట్టు. ఆ విస్తట్లో స్ట్రాంగు బదులు ఈ బీరు పోద్దామన్నాను. మామ ముడితే ప్రతి ఆదివారం ఇది రాజమార్గంలో ఇంట్లోకి రావాలి. కన్నతండ్రి ఒప్పుకున్నదాన్ని కూతురు కాదనకూడదు.

"ముట్టకపోతె?" అంది.

"మామ మనసులో ఏమున్నదో అది ఒప్పుకుంట."

"మాట తప్పవు గద?"

"తప్ప."

సరే అనేసింది. నర్మద చీర రంగు ఎంచుకోవడానికే దుకాణం వాడి చేత షట్టరు మూయించే మనిషి. అంత తొందరగా ఒప్పుకుందంటే నేను అనుమానపడాల్సింది. కానీ నా ధీమా నాది. విస్తట్లో కాకి ఎక్కడ ముక్కు పెట్టినా మొత్తం విస్తరి ముట్టినట్టే లెక్క. బీరు దొప్ప పక్కనే వేయించిన కార్జం పెడతాను. కార్జాన్ని వదిలిపెట్టిన కాకి గోదావరికి ఈ ఒడ్డున గానీ ఆ ఒడ్డున గానీ ఉందా, మీరే చెప్పండి.

మాసికం రోజు చెన్నూరు చేరేసరికే ఇసుక కాలుతోంది. అందరం గోదావరిలో మునిగి లేచాం. మా అత్త శంకరవ్వ తెల్లారకముందే లేచి అన్నీ వండింది. బగారన్నం, మటను, గారెలు, మామ కాల్చే బీడీలు కూడా విస్తట్లో పెట్టాం. నేను మోదుగాకు దొప్పలో బీరు పోసి, పక్కనే వేయించిన కార్జం పెట్టాను. నురుగు అందంగా పొంగింది. అత్త వంగి వాసన చూసి, చారు పోసినవా అల్లుడా అని అడిగింది. పట్నం బీరు అత్తా అన్నాను. ఆమె మొగుడి విస్తరి వంక జాలిగా చూసింది.

పెద్దరికం అంతా మామ అక్క బుచ్చవ్వది. ఆమె కనుసైగ చేస్తే కూర్చోవాలి, దగ్గితే లేవాలి. అందరినీ తుమ్మచెట్టు దాకా వెనక్కి జరిపింది. నర్మద మాత్రం విస్తరికి కాస్త దూరంలో చాప వేసుకుని కూర్చుంది. తలమీద వాళ్ల బాపు నల్ల గొడుగు తెరిచి పట్టుకుంది. బాపు గొడుగు కింద కూర్చుని బాపు కోసం ఎదురుచూస్తున్న బిడ్డను లెమ్మని ఎవరంటారు? బుచ్చవ్వ కూడా అనలేదు. చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కాకులు చాలా ఉన్నాయి. ఎదురుగా ఇంకో చెట్టు మీద వరసగా కూర్చున్నాయి. విస్తరి వంక చూశాయి, మా వంక చూశాయి. ఒక్కటీ దిగలేదు.

కాకులు నన్ను చూసి జడుస్తాయని నాకు తెలుసు కదా. నా వల్ల ఆలస్యం కాకూడదని మేం వచ్చిన వ్యాను వెనక్కి వెళ్లి నిలబడ్డాను. రాలేదు. ఇంకా దూరం పోయాను, రాలేదు. ఆఖరికి గోదావరిలో మోకాలి లోతు దాకా దిగి అటు తిరిగి నిలబడ్డాను. అల్లుడు మళ్ల తానం చేస్తుండేంది అని ఒడ్డున ఎవరో అనుకోవడం వినిపించింది.

బగారన్నం చల్లారింది. పిట్ట ముట్టేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు, పెద్దవాళ్లు మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. అందరూ గొంతు చించుకుని కావ్ కావ్ అని పిలిచారు. సాయిచంద్ షోరూం మనిషి కాబట్టి సెల్‌ఫోన్లో కాకి అరుపు వెతికి గట్టిగా పెట్టాడు. అది ఏ దేశపు కాకో, ఏం తిట్టిందో తెలియదు, చెట్టు మీదివి సగం లేచి అవతలి చెట్టుకు వెళ్లిపోయాయి. బుచ్చవ్వ ఆ ఫోను గోదావరిలో పడేయమంది.

ఇక మామ మనసులో ఏం మిగిలిందో వెతకడం మొదలైంది. నీ సైకిల్ అమ్మనయ్యా, కడిగి నూనె పెడుతా అని అత్త మొక్కింది. కాకి కదల్లేదు. ఎవర్ని చూపిస్తే వాళ్లను చేసుకుంటానని సాయిచంద్ మాటిచ్చాడు. కాకి నమ్మలేదు. ఇంటి జాగా గొడవలో నీతో మాట్లాడకపోవుడు నాదే తప్పు తమ్మీ అని బుచ్చవ్వ ఏడ్చింది. బుచ్చవ్వ తన తప్పు ఒప్పుకోవడం చెన్నూరు చరిత్రలోనే మొదటిసారి. దానికి కూడా కాకి కరగలేదంటే కారణం పెద్దదే అని అందరూ గుసగుసలాడుకున్నారు.

అప్పుడు బుచ్చవ్వ కళ్లు దొప్ప మీద పడ్డాయి. స్ట్రాంగు అంజన్నకు ధనియాల నీళ్లు పోస్తే ముడతాడా అంది. అంతే, అందరికీ గొంతులు లేచాయి. సాయిచంద్ బండి మీద వైన్స్‌కు పోయి మామ తాగే స్ట్రాంగు తెచ్చాడు. ఇంకో దొప్పలో పోసి నా దొప్ప పక్కనే పెట్టారు. ఇప్పుడు కాకి వచ్చి ముడితే పేరంతా స్ట్రాంగుకే పోతుంది, నా ఆదివారాలు గోదావరిలో కలుస్తాయి.

కాకి స్ట్రాంగుకూ రాలేదు.

నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. నీళ్లలోంచి పరుగెత్తుకొచ్చి, "చూసిండ్రా, తప్పు బీరుది కాదు" అన్నాను. జీవితంలో నేను గెలిచిన వాదనలు తక్కువ. గెలవకుండా ఉంటే బాగుండేదనిపించింది అదొక్కటే.

"మరి తప్పెవలిది?" అంది బుచ్చవ్వ.

అందరూ నా వైపు తిరిగారు. గొడుగు కింద నుంచి నర్మద మెల్లగా, తేనె పూసినట్టు అంది. "బాపుకు నీ మీదనే మనసున్నట్టున్నది. ఏమన్న మాటియ్యరాదు?"

విస్తరి ముందుకు నడిచి చేతులు జోడించాను. చెట్టు మీద అన్నిటికంటే ముసలి కాకిని చూసుకుని, "మామా, ఇగ స్ట్రాంగు ముట్ట" అన్నాను. కాకి మెడ గోక్కుంది. అది ఎట్లాగూ ముడ్తలేవు గద, కొత్తగ ఏమిచ్చినవ్ అంది నర్మద.

లైటుది కూడా పండుగలకే తాగుతానన్నాను. నీకు ఆదివారం పండుగనే కదా అంది బుచ్చవ్వ. పోనీ ఇంట్లో ముట్టను, బయటనే అన్నాను. కాకి ఒక కొమ్మ కిందికి దిగింది. నేను ఆశగా చూస్తుండగానే నర్మద గొడుగును ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది, కాకి మళ్లీ పైకొమ్మ ఎక్కింది. కాకితో బేరం పత్తి బేరం కంటే కష్టమని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంకో బేరం మొదలుపెట్టబోతుంటే అత్త వచ్చి నా పక్కన నిలబడింది. ఆమె నన్ను ఏమీ అనలేదు. విస్తరి వంకే చూస్తూ, "ఏడాది సంది ఆకలి మీదున్నడేమో బిడ్డా" అంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పందెం, ఆదివారం, నారింజ తొక్క, అన్నీ మరిచిపోయాను. చెట్టు వంక తిరిగి గట్టిగానే అన్నాను. "మామా, బీరు అనేదే ముట్ట. స్ట్రాంగు గాని, లైటు గాని, ధనియాలది గాని. నువ్వొచ్చి తిను."

నర్మద గొడుగు ముడిచింది. ముడిచి చాప కింద దోపుకుని కొంగుతో ముఖం తుడుచుకుంది. మిట్టమధ్యాహ్నం గొడుగెందుకు ముడిచిందా అని ఆ క్షణాన నాకు తట్టనే లేదు. ఎందుకంటే నేనూ అత్తా వెనక్కి జరుగుతుండగానే కాకి దిగింది.

నేరుగా విస్తరి దగ్గరికి నడిచింది. కార్జం పక్కనుంచే పోయింది. మటను చూసి పక్కకు తప్పుకుంది. స్ట్రాంగు దొప్పలోకి తొంగి చూసి ముక్కు వెనక్కి లాక్కుంది. పోయి పోయి నా దొప్పలో ముక్కు ముంచింది. తల పైకెత్తి, కళ్లు మూసి, కాసేపు ఆగింది. సాయిచంద్ నేర్పినట్టే ఆగింది. మళ్లీ ముంచింది. తర్వాత అరిచి మిగతావాటిని కూడా పిలిచింది.

"ముట్టిండు" అని అత్త ఇసుకలో కూలబడి ఏడ్చింది. "ఆయనకు గిదే నచ్చింది."

నేను నర్మద దగ్గరికి పరుగెత్తాను. చూసినవా, పందెం నాదే అన్నాను.

"నీదే" అంది నర్మద. "ఒప్పుకున్న. ఇగ ప్రతి ఆదివారం మనింట్లకు తే. బాపు ముట్టిందాన్ని నేను కాదంటనా? నువ్వు తాగుడు సంగతంటవా, గది నువ్వు బాపుకే చెప్పుకుంటివి."

పందెం గెలిచాను. బీరు ఇంట్లోకి రావచ్చు. నాలోకి మాత్రం రాకూడదు. అట్లా గెలిచినవాడు మీలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి.

మామ ముట్టిన బీరు కాబట్టి మిగిలిన సీసాలు ప్రసాదమయ్యాయి. అందరికీ తలా ఇంత పోశారు. పోసిందెవరనుకున్నారు, నేనే. అత్త గుటక వేసి ఆలోచించి, పొద్దుగాల్ల దించిన ఈత కల్లు లెక్కనే ఉన్నది, గిది నేను బుద్ధెరిగినకాన్నుంచి తాగుతనే ఉన్న, దీనికోసం పట్నం దాక ఎందుకు పోయిండ్రు అని అడిగింది. సాయిచంద్ ఫోను చూసుకున్నాడు. బుచ్చవ్వ తల తిరగదు గని నోటికి హాయిగున్నదని ఇంకోసారి పోయమంది. జరమొచ్చినోళ్ల బీరు అన్న మనిషి కుటుంబమంతా ఆ పూట గోదావరి ఒడ్డున కూర్చుని నారింజ తొక్క ఎక్కడుందో, లవంగం ఎక్కడుందో వెతుక్కున్నారు. స్ట్రాంగు సీసా ఇసుకలో పడి ఉంది, దాన్ని అడిగినవాడు లేడు. నేను సోడా తాగాను.

తర్వాతి ఆదివారానికి అత్త మా ఇంటికొచ్చింది. మధ్యాహ్నం మేడ మీద తల్లీ కూతుళ్లు వడియాల గుడ్డ పక్కన చాప వేసుకున్నారు. నర్మద నల్ల గొడుగు తెరిచి ఇద్దరి మీదా నీడ పడేట్టు పట్టుకుంది. తడి గోనెసంచి చుట్టి చల్లబరిచిన సీసా నేను తెచ్చి రెండు స్టీలు గ్లాసుల్లో పోశాను. ముందు నారింజ తొక్క వస్తదే అవ్వా, వెనకనుంచి ధనియాలు వస్తయి అని నర్మద తల్లికి నా మాటలే చెబుతోంది. నాకు నోరూరింది.

"ఒక్క గుటక నర్మదా. పాత రుచే ఉందా లేదా చూస్త."

"మాటిచ్చినవ్ గద."

"ఏదో కంగారుల ఇచ్చిన. జర నువ్వే మాఫ్ చెయ్యరాదు."

"నాకిచ్చిన మాటైతె ఎప్పుడో మాఫ్ చేస్తుంటి. కాకికిచ్చినవ్. కాకి రానీ, అడుగుదాం."

న్యాయంగానే తోచింది. గుడ్డ నిండా వడియాలు, పక్కన మిరపకాయలు. కాకి రాకుండా ఎక్కడికి పోతుంది? కూర్చుని ఎదురుచూశాను. జబ్బార్ భాయ్ మేడ మీద కాకులు వరస కట్టి కూర్చుని వడియాల వంకే చూస్తున్నాయి. ఒక్కటీ ఇటు రాలేదు.

"నేనుంటే రావు అత్తా, నన్ను చూసి జడుస్తయి" అన్నాను.

అత్త నవ్వి గ్లాసు కింద పెట్టింది. "నిన్ను చూసి కాదు బిడ్డా, గొడుగును చూసి. మా ఆయన మక్క చేన్ల గట్లనే తెరిచి పెట్టేటోడు. చచ్చిన కాకి అనుకుంటదట. నల్ల గొడుగున్నకాడికి కాకి పిలిచినా రాదు."

నేను గొడుగు వంక చూశాను. గోదావరి ఒడ్డు గుర్తొచ్చింది. చాప గుర్తొచ్చింది, భుజం మార్చుకోవడం గుర్తొచ్చింది, మిట్టమధ్యాహ్నం ముడిచి దోపుకోవడం గుర్తొచ్చింది. నర్మద వంక తిరిగాను. ఆమె నవ్వలేదు.

"నాకు బీరు మీద కోపం లేదయ్య" అంది మెల్లగా. "మా బాపు ఇస్తరిల నీ పందెం పెట్టినవ్. గదే మనసుకు పట్టింది."

తప్పు నాదేనని చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా ఆమె గ్లాసు అందుకోబోయి, గొడుగు పిడి నా వైపు చాచింది.

"జర పట్టుకో, చెయ్యి గుంజుతున్నది. ముడువకు, కాకులొస్తయి."

పట్టుకున్నాను.